ఫ్లాష్ పోయింది... పాఠం పోకూడదు!

కాలేజీ బీరువాలో పదిహేనేళ్ల కిందటి సీడీలు. వాటిలో మంచి పాఠాలే ఉన్నాయి గానీ ఏ కంప్యూటరూ తెరవదు. ఇలాంటి పాత శిక్షణ కోర్సులను ఫోన్‌లో కూడా నడిచేలా కొత్త రూపంలోకి మార్చడం ఇప్పుడు దేశమంతటా ఉన్న పని. బందరు, గుడివాడ, దివిసీమ కుర్రాళ్లకు ఇందులో చదువూ ఉంది, ఉపాధీ ఉంది.

కంప్యూటర్ ల్యాబ్‌లో పాత పాఠం మీద క్లిక్ చేస్తారు. బొమ్మ కదలాల్సిన చోట బూడిద రంగు డబ్బా ఒకటి కనిపిస్తుంది. ‘ఈ ప్లగిన్ ఇక పనిచేయదు’ అని దాని మీద ఓ ముక్క. అక్కడున్న వాళ్లు వెంటనే అనే మాట ‘నెట్ రావట్లేదండీ’. నెట్‌కు అసలు సంబంధమే లేదు. కంప్యూటర్ బాగానే ఉంది, కరెంటూ ఉంది. పోయింది ఆ పాఠం నిలబడ్డ పునాది. దాని పేరు ఫ్లాష్.

ఇప్పుడు ముప్పై దాటిన వాళ్లందరికీ ఫ్లాష్ తెలిసే ఉంటుంది. పేరు తెలియకపోయినా దానితో చేసిన ఆటలు ఆడి ఉంటారు. 1996లో చిన్న యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌గా మొదలై, మాక్రోమీడియా కంపెనీ చేతికి వచ్చి, 2005లో ఆ కంపెనీతోపాటు అడోబీ చేతిలో పడింది. ఆ రోజుల్లో వెబ్‌పేజీలో బొమ్మ కదలాలన్నా, మాట వినపడాలన్నా, ప్రశ్నకు జవాబు నొక్కితే ‘కరెక్ట్’ అని చెప్పాలన్నా ఫ్లాష్ కంటే సులువైన దారి లేదు. అందుకే బ్యాంకు ఉద్యోగుల శిక్షణ నుంచి బడిపిల్లల సైన్సు పాఠం దాకా దానితోనే చేశారు.

2017 జులైలో అడోబీ ఒక ప్రకటన చేసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు మంగళం. మూడేళ్లకు పైగా గడువు ఇచ్చింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే పాఠాలను ఆపేయడం మొదలుపెట్టింది. గడువు సంగతి తెలిసి కూడా పెద్దపెద్ద సంస్థలే తడబడ్డాయి. దక్షిణాఫ్రికా ఆదాయపు పన్ను శాఖ కొన్ని ఫారాలు ఇంకా ఫ్లాష్‌లోనే ఉండిపోవడంతో, వాటికోసం ప్రత్యేకంగా ఒక బ్రౌజర్‌నే తయారుచేసి జనానికి ఇవ్వాల్సి వచ్చింది. ఒక దేశ ప్రభుత్వానికే అలా అయితే, ఇద్దరు లెక్చరర్లు కష్టపడి తయారుచేసుకున్న పాఠాల సంగతి వేరే చెప్పాలా?

ఫోన్ వచ్చిన రోజే...

నిజానికి మన ప్రాంతానికి సంబంధించి ఫ్లాష్ 2020లో పోలేదు. అంతకు ముందే పోయింది. ఐఫోన్ 2007లో వచ్చిన రోజు నుంచీ ఫ్లాష్‌ను దగ్గరికి రానివ్వలేదు. స్టీవ్ జాబ్స్ 2010లో దాని మీద బహిరంగ లేఖే రాశారు. బ్యాటరీ తింటుంది, భద్రత లేదు, వేలితో వాడే తెరకు పనికిరాదు అన్నది ఆయన వాదన. ఆండ్రాయిడ్‌లో కొంతకాలం నడిచినా, ఫోన్ల కోసం ఫ్లాష్ తయారీని అడోబీ 2011 నవంబర్‌లో ఆపేసింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. నాగాయలంకలోనో కోడూరులోనో ఒక కుర్రాడి ఇంట్లోకి ఇంటర్నెట్ ఎలా వచ్చింది? డెస్క్‌టాప్ కంప్యూటర్‌తో కాదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక చేతిలోని ఫోన్‌తో వచ్చింది. అంటే ఫ్లాష్‌లో చేసిన ఏ కోర్సూ ఆ ఇంటి గడప తొక్కనే లేదు. పాఠాలు ల్యాబ్ కంప్యూటర్లలో ఉన్నాయి, పిల్లలు ఫోన్లలో ఉన్నారు. మధ్యలో కాలువ ఉంది, వంతెన లేదు.

ఆ వంతెన కట్టే పనే ఈ మార్పిడి. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ‘ఫ్లాష్ టు హెచ్‌టీఎంఎల్5’. హెచ్‌టీఎంఎల్5 అంటే వెబ్‌పేజీలు రాసే భాషకు కొత్త రూపం. 2014 అక్టోబర్‌లో దీన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించారు. దీనికి ప్లగిన్ అక్కర్లేదు. బొమ్మ, మాట, వీడియో, ప్రశ్న అన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. కంప్యూటర్ అయినా ఫోన్ అయినా ఒకటే.

తిరుపతిలో మొదలై...

ఈ మార్పిడి ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లక్కర్లేదు. మన ముందే పెద్ద ఉదాహరణ ఉంది. టెక్నాలజీ ద్వారా చదువు చెప్పే జాతీయ మిషన్‌ను కేంద్రం 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలోనే ప్రారంభించింది. ఆ మిషన్‌లో పుట్టినవే ‘వర్చువల్ ల్యాబ్స్’. ఖరీదైన పరికరాలు కొనలేని కాలేజీల పిల్లలు తెర మీదే ప్రయోగం చేసి చూడాలన్నది ఉద్దేశం. ఢిల్లీ, బొంబాయి, ఖరగ్‌పూర్ ఐఐటీలు, అమృత విశ్వవిద్యాపీఠం, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటివి కలిసి వందకు పైగా ల్యాబ్‌లు, సుమారు 700 ప్రయోగాలు తయారుచేశాయి.

అప్పటి అలవాటు ప్రకారం వాటిలో చాలా భాగం ఫ్లాష్‌లో, జావా యాప్లెట్లలో చేశారు. బ్రౌజర్లు ఆ రెంటికీ తలుపులు మూసేయడంతో ప్రయోగాలు ఒక్కొక్కటే తెర మీద ఆగిపోసాగాయి. వాటిని వదిలేయకుండా హెచ్‌టీఎంఎల్5, జావాస్క్రిప్ట్‌లలో మళ్లీ రాయించారు. ఆ పనిలో ట్రిపుల్ ఐటీది ముఖ్యపాత్ర. ప్రయోగాల కోడ్‌ను అందరూ చూసేలా గిట్‌హబ్‌లో పెట్టారు. మళ్లీ రాసిన వాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వద్దాం.

ఫిజిక్స్, కెమిస్ట్రీ మాస్టార్లకు బాగా తెలిసిన ‘ఫెట్’ సిమ్యులేషన్లదీ ఇదే కథ. ఫిజిక్స్ నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. అవీ మొదట జావా, ఫ్లాష్‌లలోనే ఉండేవి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా హెచ్‌టీఎంఎల్5లోకి మార్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతున్నాయి. ఫోన్‌లో తెరిచి, బొటనవేలితో లోలకాన్ని ఊపి చూడొచ్చు.

అయితే పెద్ద విశ్వవిద్యాలయాలకు నిధులుంటాయి, కంపెనీలకు అవసరం ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ-లెర్నింగ్ కంపెనీలు విదేశీ సంస్థల పాత కోర్సులను మార్చి పెట్టడం ఓ వ్యాపారంగానే చేస్తున్నాయి. ఇంగ్లిష్ పాఠానికి డబ్బిచ్చే నాథుడు ఉన్నాడు. మరి తెలుగు పాఠానికో? ఒక పాలిటెక్నిక్ లెక్చరర్ తెలుగులో గొంతు రికార్డు చేసి పెట్టిన మోటారు వైండింగ్ పాఠానికి, వ్యవసాయ అధికారి వరి తెగుళ్ల మీద చేయించిన సీడీకి అడిగేవాళ్లు ఎవరు? ఒకసారి పోతే మళ్లీ తయారుచేసేవాళ్లు దొరకడం కష్టం. అసలు ప్రమాదం ఇక్కడుంది.

పూత కాదు, అచ్చు మళ్లీ చెక్కాలి

పాత కోర్సును కొత్తగా మార్చడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, సులువైనది. పాత కంప్యూటర్‌లో పాఠాన్ని నడిపించి, తెరను రికార్డు చేసి వీడియోగా పెట్టేయడం. చూడ్డానికి పాఠం మొత్తం ఉన్నట్టే ఉంటుంది. కానీ అందులో నొక్కే ప్రశ్నలు, జరిపే బొమ్మలు, ‘మళ్లీ ప్రయత్నించు’ అనే మాట ఏవీ పనిచేయవు. చేసి నేర్చుకునే పాఠం చూసి ఊరుకునే పాఠం అయిపోతుంది. చిలకలపూడి నగ చూపరులకు ముచ్చటగానే ఉంటుంది, అది చేసేవాళ్ల పనితనాన్ని తక్కువ చేయలేం. కానీ దాన్ని తాకట్టు పెట్టి అప్పు తేలేం కదా! అలాగే పైపూత పాఠంతో నైపుణ్యం రాదు.

రెండోది, ‘రఫుల్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది ఫ్లాష్ లేకుండానే పాత ఫ్లాష్ ఫైళ్లను కొత్త బ్రౌజర్‌లో నడిపిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2020 నవంబర్ నుంచి పాత ఫ్లాష్ ఆటలను, యానిమేషన్లను దీనితోనే కాపాడుతోంది. బీరువాలో ఉన్న సీడీలో అసలేముందో చూసుకోవడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే అన్ని ఫైళ్లూ సరిగా నడవవు. నడిచినా, పెద్ద తెరకు చేసిన పాఠం ఫోన్‌లో చీమ తలకాయంత అక్షరాలతో కనిపిస్తుంది.

మూడోది, పాఠాన్ని మళ్లీ కట్టడం. పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్లను చూడండి. టేకు చెక్క మీద చెక్కిన అచ్చు వాడివాడి అరిగిపోతే దానికి రంగు పూసి మెరిపించరు. అదే నమూనాను కొత్త చెక్క మీద మళ్లీ చెక్కుతారు. లత అదే, పువ్వు అదే, అచ్చు కొత్తది. కోర్సు మార్చడమంటే సరిగ్గా అదే. పాఠం ఆలోచన పాతది, దాన్ని మోసే చెక్క కొత్తది.

ముందు జల్లెడ పట్టండి

‘ఉన్నవన్నీ మార్చేద్దాం’ అని దిగితే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది. పాతది కాబట్టి గొప్పదనీ కాదు, పనికిరానిదనీ కాదు. ఒక్కో పాఠాన్నీ మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టాలి.

ఒకటి, ఇందులో చెప్పింది ఇప్పటికీ నిజమేనా? గుడివాడలో ట్యాలీ నేర్చుకునే పిల్లకు వ్యాట్ లెక్కలు చెప్పే పాత కోర్సు ఎంత అందంగా మార్చి ఇచ్చినా దండగే. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చింది. ట్యాలీ కూడా 2020లో ‘ట్యాలీ ప్రైమ్’గా రూపం మార్చుకుంది. పోలీసు, గుమాస్తా ఉద్యోగాల శిక్షణలో భారత శిక్షాస్మృతి సెక్షన్లు ఉంటే, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉందని తెలియాలి. భూగోళం పాఠంలో విజయవాడ ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన సంగతి అందులోకి రాలేదన్నమాట. గ్రహాల్లో ప్లూటో ఉంటే అది 2006కు ముందు పాఠం.

రెండు, ఇంతకంటే మంచిది ఉచితంగా ఎక్కడైనా ఉందా? ఐఐటీ బొంబాయి వాళ్ల ‘స్పోకెన్ ట్యుటోరియల్’లో చాలా సాఫ్ట్‌వేర్లకు తెలుగు గొంతుతో చిన్నచిన్న పాఠాలున్నాయి. ఎన్‌పీటీఈఎల్, స్వయం, దీక్ష ఉన్నాయి. అక్కడ ఉన్నదాన్ని మళ్లీ మనం చేయక్కర్లేదు. లింకు ఇస్తే చాలు.

మూడు, ఇది ఇంకెక్కడా దొరకనిదా? ఉప్పునీరు ఎగదన్నే పొలాల గురించో, రొయ్యల చెరువులో నీటి పరీక్ష గురించో, కలంకారీ రంగుల ఉడుకు గురించో మన మనుషులే మన మాటల్లో చెప్పిన పాఠమైతే, అది ఎంత పాతదైనా ముందు దాన్నే బయటికి తీయాలి.

తెలుగు అక్షరాల గొడవ

ఇంగ్లిష్ కోర్సు మార్చేవాళ్లకు లేని తలనొప్పి మనకొకటి ఉంది. అది ఫాంట్లు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, మామూలు కంప్యూటర్లలో అది కుదురుకునేసరికి విండోస్ ఎక్స్‌పీ, దాంతో వచ్చిన గౌతమి ఫాంటు కాలం అయింది. ఆ తర్వాత కూడా డీటీపీ సెంటర్లు, ముద్రణాలయాలు అను, శ్రీలిపి లాంటి పాత ఫాంట్లలోనే పనిచేశాయి. వాటిలో తెలుగు అక్షరం తెర మీద కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది ఇంగ్లిష్ గుర్తులే. అక్కడి నుంచి కాపీ చేసి ఇంకోచోట పెడితే ఏ భాషో తెలియని గజిబిజి వస్తుంది.

పైగా పాత ఫ్లాష్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా అతుక్కునేవి కావు. అందుకని అక్షరాలనే బొమ్మలుగా మార్చి పెట్టేవారు. బొమ్మగా ఉన్న మాటను గూగుల్ వెతకలేదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చదవలేదు. పిల్లలు అక్షరాన్ని పెద్దది చేసుకోలేరు. కాబట్టి మార్చేటప్పుడు తెలుగంతా యూనికోడ్‌లోకి రావాల్సిందే. దీనికి కన్వర్టర్లు ఉన్నాయి. కానీ అవి మార్చాక ఒక మనిషి కూర్చుని అక్షరం అక్షరం చూడాలి. ఒత్తు జారిపోతే అర్థమే మారుతుంది. ‘కల’కూ ‘కళ’కూ, ‘వాత’కూ ‘వార్త’కూ తేడా యంత్రానికి పట్టదు.

ఫాంట్లకు మాత్రం ఇప్పుడు కొదవ లేదు. ఉచితంగా వాడుకునే యూనికోడ్ ఫాంట్లు చాలా వచ్చాయి. గూగుల్ ఫాంట్స్‌లో చూస్తే ‘మండలి’ అనే ఫాంటు ఉంది, ‘ఎన్‌టీఆర్’ అనే ఫాంటు ఉంది. ఒక పేరు దివిసీమకూ, మరో పేరు గుడివాడ పక్కనున్న నిమ్మకూరుకూ కొత్త కాదు!

పని ఎలా సాగుతుంది?

మొదట అడగాల్సిన ప్రశ్న: అసలు ఫైలు ఉందా? ఫ్లాష్‌లో రెండు రకాల ఫైళ్లుండేవి. తయారుచేసేవాళ్ల దగ్గర ఉండేది ఎఫ్ఎల్ఏ. మనకు సీడీలో ఇచ్చేది ఎస్‌డబ్ల్యూఎఫ్. మొదటిది ఉంటే బొమ్మలు, గొంతు, రాత వేటికవి విడిగా దొరుకుతాయి. పాత ఫ్లాష్ సాఫ్ట్‌వేరే 2016లో ‘అడోబీ యానిమేట్’గా పేరు మార్చుకుంది. దానిలో తెరిచి బొమ్మలను హెచ్‌టీఎంఎల్5కు పంపొచ్చు. అయితే ప్రశ్నలు, మార్కుల వెనకున్న కోడ్ తనంతట తాను మారదు. దాన్ని మళ్లీ రాయాలి. రెండోది మాత్రమే ఉంటే, పులుసు మరిగాక చింతపండు వెతుక్కున్నట్టే. విడగొట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ దొరికినంతే దక్కుదల.

రెండో మెట్టు, స్టోరీబోర్డు. ఏ తెర మీద ఏముంటుంది, ఏ మాట వినిపిస్తుంది, ఏది నొక్కితే ఏమవుతుంది అని కాగితం మీద రాసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మెట్టు దాటేసి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంటారు. తర్వాత రెండింతలు పని చేస్తారు.

మూడో మెట్టు, ఫోన్ తెరకు తగ్గట్టు మార్చడం. పాత కోర్సులు అడ్డంగా 800 చుక్కలు, నిలువుగా 600 చుక్కల తెరకు చేసినవి. ఫోన్ నిలువుగా పట్టుకుంటే అడ్డం సుమారు 360. కాబట్టి ఒక పాత తెర మూడు నాలుగు చిన్న తెరలవుతుంది. ‘మౌస్ పైన పెడితే వివరం కనిపిస్తుంది’ అనే ఏర్పాట్లు తీసేయాలి, ఫోన్‌లో మౌస్ ఉండదు. బటన్లు బొటనవేలికి అందేంత ఉండాలి. తెర తెరవగానే గొంతు వినిపించదు, ఫోన్ బ్రౌజర్లు దాన్ని ఆపేస్తాయి. ‘వినండి’ అనే బటన్ పెట్టాలి.

సాధనాలకు లక్షలు పెట్టక్కర్లేదు. స్టోరీలైన్, క్యాప్టివేట్ లాంటివి కంపెనీలు డబ్బు పెట్టి కొంటాయి. ఉచితంగా హెచ్5పీ ఉంది, ప్రశ్నలు, ఫ్లాష్‌కార్డులు, మధ్యలో ప్రశ్న అడిగే వీడియోలు దానితో చేయొచ్చు. కోర్సు నడపడానికి మూడిల్ ఉంది. అదీ ఉచితమే.

నాలుగోది, హాజరు పట్టీ. ఎవరు కోర్సు తెరిచారు, ఎక్కడిదాకా వచ్చారు, ఎన్ని మార్కులొచ్చాయి అన్నది నమోదు కావాలి కదా. దీనికో ఒప్పందం ఉంది, పేరు స్కార్మ్. పాఠాన్ని ఆ పద్ధతిలో జిప్ చేసి ఇస్తే మూడిల్ లాంటి ఏ వ్యవస్థ అయినా అర్థం చేసుకుంటుంది. 2001 నాటి స్కార్మ్ 1.2 ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ తర్వాత వచ్చింది ఎక్స్-ఏపీఐ. మార్చిన కోర్సు చక్కగా కనిపించి, పూర్తిచేసిన వాళ్ల పేర్లు నమోదు కాకపోతే సర్టిఫికెట్ రాదు. చదివిన పిల్ల కష్టం గాల్లో కలిసిపోతుంది. అందుకే ఈ పరీక్ష చివర్లో కాదు, మొదటి పాఠానికే చేసి చూసుకోవాలి.

మెగాబైట్ల లెక్క

సిగ్నల్ రెండు గీతలే ఉండే చోట పాఠం ఎంత బరువుందన్నదే అసలు ప్రశ్న. చిన్న లెక్క చూడండి. పది నిమిషాల వీడియోను సెకనుకు 1.5 మెగాబిట్ల నాణ్యతతో ఇస్తే సుమారు 112 ఎంబీ అవుతుంది. అదే 500 కిలోబిట్లకు తగ్గిస్తే 37 ఎంబీ. అదే పాఠాన్ని గొంతు, బొమ్మలుగా విడదీసి ఇస్తే? గొంతు 32 కిలోబిట్లలో పది నిమిషాలకు 2.4 ఎంబీ. పన్నెండు బొమ్మలు, ఒక్కోటి 100 కేబీ అనుకున్నా మొత్తం నాలుగు ఎంబీ లోపే. అదే పాఠం, ముప్పయ్యో వంతు బరువు. మనిషి చేతి కదలిక చూపించి తీరాల్సిన చోట వీడియో పెట్టండి. మిగతా చోట్ల గొంతు, బొమ్మ చాలు.

ఎదురుమొండి దీవి నుంచి రేవు దాటి వచ్చి చదువుకునే పిల్లలు, సిగ్నల్ ఉన్నచోట దించుకుని ఇంటికెళ్లి చూసుకునే వీలు ఉంటే ఇంకా మంచిది. దీక్ష యాప్‌లో పాఠాలు దించుకునే ఏర్పాటు అందుకే ఉంది.

కోడ్ గుడ్లవల్లేరులో, బోధన అవనిగడ్డలో

‘ఇదంతా హైదరాబాద్ వాళ్ల పని కదా, మనకెందుకు?’ అనొచ్చు. ఒక్కసారి మన చుట్టూ చూడండి. కోడ్ రాయగల పిల్లలు గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నారు. కామర్స్, సైన్స్ తెలిసిన పిల్లలు 1950లో మొదలైన గుడివాడ ఏఎన్ఆర్ కాలేజీలో ఉన్నారు. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. ఇక అవనిగడ్డ సంగతి తెలుగు రాష్ట్రాల్లో తెలియనిదెవరికి? డీఎస్సీ కోచింగ్ అంటే ముందు గుర్తొచ్చే ఊరు. ఏ జిల్లా నుంచో వచ్చి గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి అక్కడ చదువుతారు. పాఠాన్ని ఎలా ముక్కలు చేయాలి, ప్రశ్న ఎలా అడగాలి, పిల్లాడు ఎక్కడ తడబడతాడు అన్నది అక్కడ రోజూ నలిగే విషయం. ఈ-లెర్నింగ్ కంపెనీలు ‘ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్’ అని పెద్ద పేరు పెట్టి వెతికేది సరిగ్గా ఈ తెలివితేటల కోసమే.

టీచర్ల శిక్షణ కూడా తెర మీదికి వచ్చేసింది. కేంద్రం ‘నిష్ఠ’ శిక్షణను మొట్టమొదట ఆన్‌లైన్‌లో ప్రారంభించింది మన రాష్ట్రంలోని 1,200 మంది కీలక వనరుల వ్యక్తులతోనే, 2020 జులై 16న. డిగ్రీలో 40 శాతం దాకా క్రెడిట్లను స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధనలు ఇచ్చింది. అంటే తెర మీది పాఠం ఇప్పుడు అదనపు సరదా కాదు, మార్కుల పట్టికలో భాగం. అది తెరుచుకోకపోతే నష్టం నేరుగా విద్యార్థికే.

చదువుతోపాటు చేతిపని నేర్పాలని 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టుకున్న ఊరు బందరు. ఇప్పటి చేతిపని ఇది. ట్రిపుల్ ఐటీలో విద్యార్థులు ప్రయోగాల కోడ్ మళ్లీ రాశారని చెప్పుకున్నాం కదా. ఇక్కడి ఇంజినీరింగ్, డిగ్రీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌కు ఒక పాత తెలుగు కోర్సును మార్చే పని ఇస్తే? కాగితం రిపోర్టు బైండింగ్ చేయించి అటక మీద పడేసే బదులు, పది ఊళ్ల పిల్లలు వాడుకునే పాఠం మిగులుతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ‘ఇదిగో నేను చేసింది’ అని ఫోన్ తీసి చూపించొచ్చు.

కుర్రాళ్లకు ఒక హెచ్చరిక కూడా. ‘వెబ్ యానిమేషన్ కోర్సు’ అని చెప్పి ఇంకా పాత సిలబస్సే నేర్పే చోట చేరకండి. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి. ‘మీరు చేసిన పాఠం నా ఫోన్‌లో తెరిచి చూపిస్తారా? దాని మార్కులు మూడిల్‌లో నమోదవుతాయా?’ ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఫీజు కట్టకండి.

మీ దగ్గర పాత కోర్సు ఉంటే...

* ముందు కాపీ తీయండి. సీడీలు తేమకు పాడవుతాయి, మన సముద్రపు గాలికి ఇంకా తొందరగా. ఒక హార్డ్‌డిస్క్‌లో, ఒక క్లౌడ్ ఖాతాలో పెట్టండి.
* తయారుచేసిన వాళ్లను వెతకండి. రిటైరైన లెక్చరర్ ఇంట్లో పాత కంప్యూటర్‌లో అసలు ఫైళ్లు ఉండొచ్చు. ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాఠం మీద హక్కు ఆయనదో సంస్థదో తేలాకే మార్చండి.
* పాత ఫ్లాష్ ప్లేయర్ కోసం నెట్‌లో వెతికి దొరికింది వేసుకోకండి. ఆ పేరుతో వైరస్‌లు దొరుకుతాయి. చూడ్డానికి రఫుల్ చాలు.
* వంద పాఠాల జాబితా రాసుకుని, జల్లెడ పట్టి, ముందు ఒక్క పాఠం మార్చండి. దాన్ని పది మంది పిల్లల సొంత ఫోన్లలో, అదీ చవక ఫోన్లలో తెరిపించి చూడండి.
* ఈసారి అసలు ఫైళ్లు, గొంతు రికార్డులు, యూనికోడ్ రాత అన్నీ విడిగా దాచండి. ఇరవై ఏళ్లకు హెచ్‌టీఎంఎల్5 కూడా పాతబడొచ్చు. అప్పుడు మన పిల్లలు బీరువా ముందు తల పట్టుకోకూడదు.

కాలువలకు వేసవిలో నీళ్లు కట్టేశాక పూడిక తీస్తారు, గట్లు సరిచేస్తారు. నీళ్లు వదిలే రోజుకు కాలువ సిద్ధంగా ఉండాలి. వదిలాక తవ్వుదామంటే కుదరదు. పాఠాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ పాఠం చెప్పిన మాస్టార్లు ఇంకా మన మధ్య ఉన్నారు, సీడీలు ఇంకా చదవడానికి వీలుగా ఉన్నాయి, మార్చగలిగే పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. ఈ మూడూ కలిసి ఉండే రోజులు ఎక్కువ కాలం ఉండవు. కాలేజీ యాజమాన్యాలు, శిక్షణ సంస్థలు ఈ వేసవిలోనే బీరువా తాళం తీస్తే మంచిది.